కణితి జాడ

దర్శి నుండి పొదిలి మీదుగా మార్కాపురము త్రోవ పట్టి పోవువారికి ప్రత్తిచేలును మిరపచేలును క్రమముగా పలుచబడి, పలకరాతి నేలలు ఎదురగును. మబ్బులేని ఉదయమున ఆకాశపుటంచున నీలిగీత వలె నల్లమల కనబడును. ఆ కొండలలో వేట యెట్లు సాగెనో ముచ్చటించుటయే నేటి ప్రసంగము. కొండవేటలో బాణము వేయుట, తుపాకి కాల్చుట చాల స్వల్పభాగము. మృగమున్న తావు కనుగొనుటయే అసలు విద్య. ఆ విద్య ఎవరిది, దాని కీర్తి ఎవరికి దక్కినది అను విషయము మన ప్రాంతపు చరిత్రలో తగినంతగా విచారింపబడలేదని నా అభిప్రాయము.

ముందుగా మృగము సంగతి. నల్లమలలోని జింకజాతులలో పెద్దది కణితి. కడితి, కణుజు అనియు దీనికి పేర్లు కలవు. అమరకోశమున మృగభేదములలో శంబరము అను పేరున్నది. ఉత్తరాదివారి సాంబరు ఆ మాటకు దగ్గరి చుట్టము. బాగుగా ఎదిగిన పోతు మూడువందల కిలోల వరకు తూగును. ఒక్కొక్క కొమ్మునకు సాధారణముగా మూడేసి మొనలుండును. పందొమ్మిదవ శతాబ్దమున సింహళమునకును నీలగిరులకును వచ్చిన ఆంగ్లేయ వేటగాండ్రు దీనిని తమ భాషలో ఎల్క్ అని పిలిచిరి. నిజమునకు ఐరోపాలో ఎల్క్ అనగా అరచేతి వలె విప్పారిన కొమ్ములు గల మరియొక ఉత్తరదేశపు మృగము. అమెరికాకు వలసపోయినవారు అచ్చటి వాపిటి అను జింకకును ఆ పేరే పెట్టిరి. ఒక్క పేరు మూడు ఖండములలో మూడు మృగములకు తగులుకొన్నది. 1850 ప్రాంతమున సింహళపు కొండలలో వేటకుక్కలతో ఎల్క్ వేట సాగించి గ్రంథము వ్రాసిన సామ్యూల్ బేకరు దొర వేటాడినది మన కణితినే.

మైదానపు వేటకును కొండవేటకును పోలికయే లేదు. మన చేలలో తిరుగు కృష్ణజింకకు కన్నులే రక్ష. అది ఎంతో దూరము నుండియే మనిషిని చూచి పరుగెత్తును. వేటగాడును దానిని దూరము నుండియే చూడగలడు. అందుచేతనే బండి చాటున, ఎద్దు చాటున దానిని సమీపించు ఉపాయములు పుట్టినవి. ప్రభువులు చిరుతలను మచ్చిక చేసి వదలిరి. కణితి విషయమున ఇవి యేవియు సాగవు. అది పగలు పొదలలో పరుండి, ప్రొద్దు వాలిన తరువాత మేతకు దిగును. దాని చూపు సామాన్యము. ముక్కును చెవియు మాత్రము అసామాన్యములు. వెదురుపొదలో ఇరువది అడుగుల దూరమున నిలిచియున్నను మనకు కనబడదు. మనము అడుగు పెట్టకముందే మన వాసన దానికి చేరును.

కావున కొండవేటగాని మొదటి పాఠము గాలి. ఇది పుస్తకములలో చదివిన దానికంటె కొండ యెక్కిన వానికే బాగుగా తెలియును. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయ వైపునకు జారును. సూర్యుడు వచ్చి వాలు వేడెక్కిన పిమ్మట గాలి పైకి మళ్లును. తెల్లవారుజామున క్రింది నుండి పైకెక్కువానికి గాలి ఎదురుగా వచ్చును గనుక అతని వాసన మీది మృగమునకు అందదు. జాము ప్రొద్దెక్కిన పిదప అదే త్రోవను అట్లే ఎక్కినచో శ్రమ యంతయు వ్యర్థము. అప్పుడు చుట్టు తిరిగి శిఖరము మీది నుండి దిగవలెను. ఈ రెంటి నడుమ గాలి ఎటును తేలక సుళ్లు తిరుగు సమయమొకటి కలదు. నేర్పరియైన వేటగాడు అప్పుడు కదలక కూర్చుండును. చిటికెడు బూడిదయో దుమ్మో జారవిడిచి గాలివాలు చూచుట ఎల్ల దేశముల కొండవేటగాండ్రకును తెలిసిన పనియే. అమెరికాలోని రాకీ పర్వతములలో వాపిటిని వెదకువారును నేటికిని ఈ పాఠముతోనే ప్రారంభింతురు. అయితే వారికి ఒక సౌకర్యమున్నది. శరదృతువున పోతు వాపిటి ఈల వంటి దీర్ఘమైన కూత వేయును. దానిని అనుకరించి పిలిచినచో పోటీకి వచ్చును. చెట్టుచేమలు లేని వాలులపై దుర్భిణితో వెదకుటయు సాధ్యము. నల్లమలలో ఆకు దట్టముగా నున్నంత కాలము దుర్భిణి మెడకు బరువు మాత్రమే.

గాలి తరువాత నేల. కణితి గిట్టల జాడ పెద్దది. తడియిసుకలో అంచులు పదునుగా నున్నచో క్రొత్తది, అంచులు విరిగి, పురుగులు నడచిన గీతలు పడినచో పాతది. పెంటికల తడియు రంగును కాలమును తెలుపును. పోతు తన కొమ్ములను చెట్టు బెరడుపై రుద్దును. ఆ గీత ఎంత ఎత్తున నున్నదో చూచి దాని పరిమాణమును ఊహింపవచ్చును. బురదగుంటలో పొరలి లేచి ప్రక్క చెట్టునకు ఒరసికొనిన మట్టి ఎండినదా, తడిగానున్నదా అనుటయు ఒక సాక్ష్యమే. వేసవిలో వాగులెండి చెలమలు మాత్రమే మిగులును. అప్పుడు అడవియంతయు కొన్ని నీటిచుక్కల చుట్టు ముడుచుకొనును. ఇప్పపూవు రాలు దినములలో చెట్టు క్రిందనే తెల్లవారుజామున జాడలు కనబడును. చవిటినేల నాకుటకు వచ్చుటయు దాని అలవాటు. ఇవన్నియు విడివిడిగా ఎవరికైనను నేర్పవచ్చును. ఏ నెలలో ఏ వాగు మొదట ఎండునో, ఏ ఇప్పచెట్టు ముందు పూచునో మాత్రము ఆ కొండలో పుట్టి పెరిగినవానికే తెలియును.

చెవి సంగతియు చెప్పవలెను. అపాయము పసికట్టిన కణితి ముందుకాలితో నేలను తట్టి, గంట మోగినట్లు ఒక్కసారిగా అరచును. కొండముచ్చు అరచినచో పులి కావచ్చును, మరేదైనను కావచ్చును. కణితి అదే తావున నిలిచి పదే పదే అరచినచో అడవి తెలిసినవారు దానిని తేలికగా తీసికొనరు. రేచుకుక్కలు తరిమినప్పుడు మాత్రము అది నీటిలోనికి దిగి ఎదురు తిరిగి నిలుచును.

మన ప్రబంధములలోని వేట వేరు. మనుచరిత్రమున స్వరోచి వేటకు పోవును. శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నని వేట కలదు. కళ్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున మృగయావినోదమునకు ప్రత్యేక ప్రకరణమే యున్నది. మచ్చిక చేసిన జింకను ఎరగా నిలిపి అడవిజింకలను రప్పించు పద్ధతిని అందు వివరించినాడు. తెలుగున దీమము అనునది అట్టి మృగమే. రాజుల వేటలో వలలు, కుక్కలు, డప్పులు, వందల జనము. అడవిని మూడువైపుల చుట్టి మృగములను తోలుదురు. నాలుగవ వైపున రాజు నిలుచును. కాని ఏ లోయను చుట్టవలెనో ముందుగా తెలియవలెను గదా. తెల్లవారక మునుపే పోయి జాడ చూచి వచ్చినవాడు కావ్యములలో ఒకటి రెండు పద్యములలో వార్త చెప్పి తప్పుకొనును.

నల్లమలలో ఆ వార్త చెప్పువారు చెంచులు. శ్రీరంగరాజ చరిత్రము వ్రాసిన నరహరి గోపాలకృష్ణమచెట్టిగారే 1886లో కర్నూలు జిల్లా మాన్యువలును కూర్చిరి. చెంచులను గూర్చి చదువగోరువారు దానితో మొదలిడవలెను. 1940లో అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి పరిశోధించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమును బట్టి, వారి ఆహారమున దుంపలు, వేళ్లు, పండ్లే ప్రధానము. మాంసము లభించుట అరుదు. ఇది గమనింపదగిన మాట. విల్లుతో వేటాడువాడు మృగమునకు కొన్ని పదుల అడుగుల లోపలికి చేరవలెను. తుపాకి గలవాడు నూరుగజముల దూరమున నిలిచి చేయు పనిని అతడు ఊపిరి బిగబట్టి చేయవలెను. ఆయుధము బలహీనమగుకొలది వెదకు విద్య పదునెక్కక తప్పదు.

తుపాకి గల దొరలకు ఆ విద్యయే కావలసివచ్చినది. 1892లో లండనున రోలండ్ వార్డు అను వ్యాపారి ప్రపంచపు పెద్ద వేటమృగముల కొలతల గ్రంథమును ప్రారంభించెను. అందు కొమ్ము పొడవు, చుట్టుకొలత, మృగము దొరికిన చోటు, యజమాని పేరు వరుసగా నుండును. జాడ తీసినవాని పేరునకు గడియే లేదు. వేట జ్ఞాపకములు వ్రాసిన దొరలలో పెక్కుమంది మన షికారీ అని ఒక మాటతో సరిపెట్టిరి. వారిలో కృతజ్ఞులు లేకపోలేదు. కాని కృతజ్ఞత వేరు, చరిత్రలో పేరు వేరు.

చట్టము సంగతి మరింత విచిత్రము. 1882 నాటి మద్రాసు అడవుల చట్టముచే రక్షితారణ్యములలో నిబంధనలకు విరుద్ధముగా వేటాడుట నేరమైనది. అనుమతిపత్రము గల దొర వెంట నడచినంతసేపు చెంచు నేర్పరి. తన ఆకలికై ఒంటరిగా విల్లు పట్టినచో దోషి. కృష్ణకు ఆవలి గట్టున నైజాము ప్రభువుల వేట అడవులుండెను. ఫరహాబాదు వారి వేటవిడిదియే. మన దర్శి, పొదిలి సీమలు నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము కర్నూలు జిల్లాలోను ఉండుటచే ఆనాటి కాగితములు చెల్లాచెదరుగా నున్నవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు గాని ఈ సీమలు ఒక్క పాలనలోనికి రాలేదు. పరిశోధింపగోరు విద్యార్థులు రెండు జిల్లాల దస్త్రములను వెదకవలసియుండును.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. అందరి తుపాకులును మూలబడినవి. 1978లో నాగార్జునసాగరు, శ్రీశైలముల నడుమ అడవి అభయారణ్యమై, 1983లో పులుల రక్షితారణ్యమైనది. అప్పటి విస్తీర్ణము 3,568 చదరపు కిలోమీటర్లు. 2014 తరువాత అది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల నడుమ రెండుగా విభక్తమైనది. కణితి నేడు వేటమృగము కాదు. అది పులికి ఆహారము. ఒక పులికి ఏడాదికి సుమారు ఏబది పెద్ద మృగములు కావలెనని శాస్త్రజ్ఞుల అంచనా. కణితి తరిగినచో పులి నిలువదు. ప్రపంచమున దీని సంఖ్య తగ్గుచున్నందున 2008 నుండి అంతర్జాతీయ సంస్థవారు దీనిని అపాయమునకు లోనైన జీవుల పట్టికలో ఉంచిరి.

ఇప్పుడు అటవీశాఖవారి కావలి శిబిరములలో చెంచు యువకులు పనిచేయుచున్నారు. తాతలు మృగమును కొట్టుటకు చూచిన జాడలనే వీరు దొంగవేటగాని ఉచ్చులను, అపరిచితుని పాదముద్రలను కనుగొనుటకు చూచుచున్నారు. పెంటలను అడవి వెలుపలికి తరలింపవలెనను వాదమును, 2006 నాటి అటవీ హక్కుల చట్టముచే అచ్చటనే ఉండనీయవలెనను వాదమును ఇంకను సాగుచున్నవి. ఈ రెండు వాదములలోను లెక్కకు రాని వస్తువొకటి కలదు. తండ్రి వెనుక నడచుచు పిల్లవాడు నేర్చుకొను ఈ విద్యకు పాఠ్యపుస్తకము లేదు. పెంట లేచిపోయినచో పాఠశాలయు లేచిపోవును.

పులుల లెక్కకు నేడు పాదముద్రల అచ్చుకు బదులు కెమెరాలు వచ్చినవి. దారికి ఇరువైపుల రెండు, మోకాలి ఎత్తున చెట్టుకు కట్టుదురు. మృగము నడచిపోగానే చిత్రము దానంతటదే పడును, తేదీయు గంటయు అందు ముద్రితమగును. కాని నల్లమలలో చెట్లకు కొదువ లేదు. ఏ దారిన, ఏ చెట్టుకు కట్టినచో మృగము దాని ముందుగా నడచునో ఎవరైనను మునుముందుగా నడచి చూపవలసినదే.