ఎన్‌డీఐ రికార్డర్
నెట్‌వర్క్ కేబుల్‌లో వచ్చే పలు కెమెరాల వీడియోను ఒకేసారి, వేర్వేరు ఫైళ్లుగా రికార్డు చేసే పరికరమే ఎన్‌డీఐ రికార్డర్. ఎన్‌డీఐ పద్ధతిని అమెరికాకు చెందిన న్యూటెక్ సంస్థ 2015లో తెచ్చింది.

లైవ్‌లో మిక్సింగ్ దగ్గర ఎంచుకున్న దృశ్యమే బయటికి వెళ్తుంది. మిగతా కెమెరాలు చూసింది రికార్డు కాకపోతే పోయినట్టే. విడివిడిగా దాచుకుంటే, లైవ్‌లో జరిగిన పొరపాటును తర్వాత ఎడిటింగ్‌లో సరిదిద్దుకోవచ్చు.

ఫుల్ ఎన్‌డీఐలో ఒక్కో 1080పీ60 కెమెరా నుంచి సెకనుకు సుమారు 130 మెగాబిట్ల డేటా వస్తుంది. నాలుగు కెమెరాలంటే గంటకు దాదాపు 234 గిగాబైట్లు. ఈ భారం కూడా మిక్సింగ్ కంప్యూటర్ మీదే వేస్తే, అది ఆగిన క్షణం లైవ్, రికార్డింగ్ రెండూ పోతాయి. పరికరం వేరుగా ఉంటే రికార్డింగైనా మిగులుతుంది. అందుకు గిగాబిట్ నెట్‌వర్క్, వేగంగా రాసే ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ ఉండాలి. వైఫైని నమ్ముకోకపోవడమే మంచిది.