కేవలాదేవ్: నీళ్లొస్తేనే పక్షులు

రాజస్థాన్‌లో భరత్‌పూర్‌ను ఆనుకుని కేవలాదేవ్ జాతీయ పార్కు ఉంది. విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. స్థానికులు ఘనా అంటారు. ఈ చిత్తడి నేలలో 350కి పైగా పక్షి జాతులు కనిపిస్తాయి. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇది దానంతటదే ఏర్పడిన సరస్సు కాదు. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజులు అజాన్ బండ్ కట్టారు. ఆ నీళ్లు పల్లంలో నిలిచి పక్షులు చేరాయి. తర్వాత ఇదే వేట స్థలం అయింది. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేటలో ఒక్కరోజే 4 వేలకు పైగా పక్షులు చచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఈ నేలను సాగుకు ఇవ్వకుండా ఆపడానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గట్టిగా పాటుపడ్డారు. 1930ల మొదట్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది కూడా ఆయనే.

1982లో పశువుల మేతను నిషేధించారు. గొడవలో పోలీసు కాల్పులు జరిగి గ్రామస్తులు చనిపోయారు. తీరా గేదెలు రాకపోయేసరికి గడ్డి పెరిగి నీటిని కప్పేసింది.

ఇక్కడికి వచ్చే అరుదైన సైబీరియా కొంగలు 2002 తర్వాత కనిపించలేదు. దారిలో వేట దానికి ఒక కారణం. మరోవైపు గంభీర్ నదిపై పాంచ్నా డ్యామ్ వచ్చాక పార్కుకు నీళ్లు తగ్గాయి. ఎగువ రైతులకూ ఆ నీళ్లే కావాలి. ఇప్పుడు చంబల్ పైప్‌లైన్, గోవర్ధన్ డ్రెయిన్ నీళ్లతో నెట్టుకొస్తున్నారు.

పార్కులో పక్షులను చూపించేది ఎక్కువగా రిక్షావాళ్లే. నీళ్లు రాని ఏడాది పక్షులతో పాటు వాళ్ల బేరమూ పోతుంది.