నిజాం పోయినా పోని చట్టం

నేను తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. మన తిరుపతి, చిత్తూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. స్వలింగ సంబంధాల్ని నేరం చేసిన 377 సెక్షన్‌ని తెల్లదొరలు 1860లోనే రాసిపెట్టారు. అది చాలామంది విన్నదే. హైదరాబాద్ కథే పెద్దగా ఎవరికీ తెలీదు.

అక్కడ నిజాం రాజ్యం. ఓటు లేదు, అడిగే దిక్కు లేదు. 1919లో ఒక చట్టం తెచ్చారు. హిజ్రాల పేర్లు సర్కారు రిజిస్టర్లో రాయాలి. పేరెక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపించినా, ఆడిపాడినా, వారంటు లేకుండానే పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైలు.

1948లో నిజాం పాలన పోయింది. చట్టం పోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చాక దానికి కొత్త పేరు పెట్టి మరీ ఉంచుకున్నారు. ఆ అసెంబ్లీలో మన జిల్లా ఎమ్మెల్యేలూ కూర్చున్నారు కదా! ఎవరూ దాన్ని తీసెయ్యలేదు.

2018లో ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మోగ్లి, ఇంకొందరు హైకోర్టుకెళ్లారు. ఇష్టపడి కలిసే పెద్దవాళ్లకి 377 వర్తించదని సుప్రీంకోర్టు చెప్పిందీ ఆ ఏడాదే. చివరికి 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం చట్టాన్ని కొట్టేసింది.

నిజాం పోయిన 75 ఏళ్లకి! అదీ ఓట్లేయించుకున్నవాళ్ల వల్ల కాదు, ఆ చట్టం ఎవరి మీద రాశారో వాళ్లే కోర్టు మెట్లెక్కితే.