యంత్రము మారినను దస్తరము నిలుచునా?



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపదలచినది కంప్యూటరు చరిత్రలో నొక చిన్న యధ్యాయము. కంప్యూటరులోని ముఖ్యమైన పలక చెడి, దానిచోట క్రొత్తపలక వేసినప్పుడు, యంత్రమును నడపు ఏర్పాటును తరచుగా మరల మొదటినుండి నెలకొల్పవలసి వచ్చుచున్నది. ఆ పలకను మదరుబోర్డు అందురు; ఆ ఏర్పాటును ఆపరేటింగు సిస్టము అందురు. ఇది పట్టణపు మరమ్మతు దుకాణముల గొడవ గదా, పల్లెలయందుండు మాకేల యని మీరడుగవచ్చును. ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కచేరీలలో 'కార్డు' అను పేర కంప్యూటరు పద్ధతి ప్రారంభమైనది 1998వ సంవత్సరమున. నాటినుండి మన క్రయపత్రముల నకళ్లును, భూములపై గల బాధ్యతల వివరములును క్రమముగా యంత్రములలోనికి చేరినవి. కావున యంత్రము చెడిన నాడు ఏది పోవును, ఏది నిలుచును అను ప్రశ్న పట్టణమువారిది మాత్రమే కాదు, మనది కూడను.

మీరెరిగిన సంగతితో మొదలు పెట్టెదను. గ్రామమున కరణముండెడివాడు, తెలంగాణమున పట్వారీ యనిరి. అడంగలు ఏ కట్టలో నున్నదో, ఏ గట్టు ఎవరిదో, ఏ శిస్తు ఏనాడు చెల్లినదో అతనికి కంఠపాఠము. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినప్పుడు దస్తరము తగులబడలేదు. కాగితములన్నియు నున్నవి. మారినది, వానిని వెదకి తీసి చదివి చెప్పగల మనిషి. దస్తరము వేరు, దస్తరము నెరిగినవాడు వేరు అను సంగతి ఆనాడు మనకందరకును తేటపడినది.

కంప్యూటరులోను ఇట్లే మూడు వేర్వేరు వస్తువులు గలవు. మన లెక్కలు, పత్రములు దాగియుండు డిస్కు దస్తరము వంటిది. ఆపరేటింగు సిస్టము కరణము వంటిది. మదరుబోర్డు వారిద్దరును కాపురముండు చావడి వంటిది. గణనము చేయు ప్రాసెసరు, తాత్కాలికముగా జ్ఞప్తి యుంచుకొను మెమొరీ, డిస్కునకు పోవు తీగలు, అన్నియు నా పలకకే తగిలియుండును. విద్యుత్తు తగులగానే పలకమీది యొక చిన్న చిప్పులోని ప్రోగ్రాము ముందుగా మేలుకొని, డిస్కును వెదకి, ఆపరేటింగు సిస్టమును పిలిచి పని యప్పగించును. ఆ సిస్టము పలకలోని ఒక్కొక్క భాగముతో మాటాడుటకు డ్రైవర్లను చిన్న ప్రోగ్రాములను వాడుకొనును. చావడి మారినచో తలుపులు మారును, తాళములు మారును. పాత తాళపుచెవుల గుత్తితో కరణము క్రొత్త గుమ్మమువద్ద నిలిచిపోవును.

దీనిని నేను స్వయముగా చూచితిని. హైదరాబాదులో అబిడ్సు, నాంపల్లి ప్రాంతములకు చేరువనున్న ఉస్మాన్‌గంజ్ టోకు వర్తకమునకు పేరుపొందిన బజారు. అచ్చట నాకు పరిచితుడైన యొక వర్తకుడు పప్పుదినుసుల వ్యాపారము చేయును. అతని తండ్రి చిట్టా, ఆవర్జా పుస్తకములు వ్రాసెడివాడు. కుమారుడు కంప్యూటరు పెట్టెను. దీపావళికి కొలది దినములు ముందు విద్యుత్తు హెచ్చుతగ్గులవలన మదరుబోర్డు మాడిపోయెను. మరమ్మతు చేయు యువకుడు క్రొత్తపలక తెచ్చి బిగించెను. పాతడిస్కు చెక్కుచెదరలేదు. కాని యంత్రము సగము మేలుకొని, నీలివర్ణపు తెర చూపి ఆగిపోయెను. వర్తకుని ముఖము వెలవెలబోయెను. సంవత్సరము పొడుగున అప్పులిచ్చిన వారి పద్దులన్నియు నందులోనే యున్నవి.

యువకుడు, "సేఠ్‌గారూ, మీ లెక్కలెక్కడికీ పోలేదు. ముందుగా వాటిని బయటకు తీయనిండు" అని చెప్పి, డిస్కును ఊడదీసి వేరొక కంప్యూటరునకు తగిలించి, పద్దులన్నియు మరియొక డిస్కునకు నకలు తీసెను. అటుపిమ్మటనే ఆపరేటింగు సిస్టమును క్రొత్తగా ఎక్కించి, డ్రైవర్లను కూర్చి, లెక్కలను మరల దానిలో చేర్చెను. అంతటితో పని ముగియలేదు. క్రొత్తగా ఎక్కించిన సిస్టము తన్ను వాడుకొనుటకు అనుమతి యున్నదా యని అడిగెను. పాత అనుమతి పాతపలకతో ముడిపడియుండెను. అప్పుడు వర్తకుడు, "పలక నాది, సొమ్ము నాది, పద్దులు నావి. ఇంక నే నెవరి సెలవు పుచ్చుకోవలె?" అనెను. ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో నున్నది.

తొలిదినములలో ప్రోగ్రామునకును యంత్రమునకును భేదమే లేదు. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రమునకు ఆపరేటింగు సిస్టము లేదు. లెక్క మార్చవలెనన్న తీగలను ఊడదీసి వేరుచోట తగిలించి, మీటలను తిప్పవలసియుండెను. అందులకు దినములు పట్టెడివి. 1956లో జనరల్ మోటార్సువారు, నార్త్ అమెరికన్ ఏవియేషను వారితో కలసి, ఒక పని ముగియగానే మరియొక పనిని యంత్రమే అందుకొనునట్టి ప్రోగ్రామును సిద్ధపరచిరి. ఆపరేటింగు సిస్టములలో మొట్టమొదటివానిలో అది యొకటి. అయినను ఒక యంత్రమునకు వ్రాసినది వేరుజాతి యంత్రమునకు పనికిరాదు. 1964 ఏప్రిలులో ఐ.బి.ఎం. సంస్థ సిస్టం 360 అను యంత్రముల కుటుంబమును ప్రకటించి, అందులో చిన్నయంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము పెద్దదానిపైనను నడచునట్లు చేసెను. యంత్రము మారినను పని నిలువవలెనను సంకల్పమునకు అది పెద్ద మలుపు.

మన హైదరాబాదునకును ఈ చరిత్రలో పాలు గలదు. పశ్చిమగోదావరి మండలమున మోగల్లు గ్రామమునందు జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి నేతృత్వమున 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియా హైదరాబాదులో వెలసెను. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరును ఈ సంస్థ తయారుచేసి యిచ్చెను. దానివెనుక టి.డి.సి. 312, ఆ తరువాత టి.డి.సి. 316 వచ్చినవి. మొదటివి పన్నెండు బిట్ల యంత్రములు, చివరిది పదునారు బిట్లది. కొలత మారగా, ఒకదాని యంత్రభాషలో వ్రాసినది మరియొకదానిపై యథాతథముగా నడువదు. పల్లెలో పుట్టిన యొక తెలుగువాడు ఆనాడు నిలిపిన సంస్థలో మన యువకులు ఈ చిక్కులను పుస్తకములలో గాక చేతులతో నేర్చిరి.

1978లో ఐ.బి.ఎం. భారతదేశమును విడిచిపోయెను. దాని యంత్రములు దేశమున అనేక కార్యాలయములలో నడచుచుండెను. వాని పోషణభారమును ప్రభుత్వము నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్సు కార్పొరేషను వహించెను. సి.ఎం.సి. అని పేరుపడి, అనంతరకాలమున హైదరాబాదులోనే రిజిస్టర్డు కార్యాలయము గలిగియుండిన సంస్థ యిదియే. 2015లో టాటా కన్సల్టెన్సీలో కలసిపోయెను. యంత్రము చేసినవాడు దేశము విడిచినను, యంత్రమును నిలుపుకొనుట సాధ్యమని ఆ సంస్థ చూపినది.

ఇంతలో చిన్నయంత్రములు పుట్టినవి. 1970 తరువాతి దశకమున గేరీ కిల్డాల్ అను అమెరికను పండితుడు సి.పి.ఎం. అను సిస్టమును వ్రాయుచు, పలకనుబట్టి మారు భాగమును మాత్రము విడదీసి, దానికి బయాస్ అని పేరిడెను. పలక మారినచో ఆ చిన్నభాగమును మార్చిన చాలును. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడి, దానిని పోలిన యంత్రములు లోకమంతట నిండినవి. 1995లో వచ్చిన విండోస్ 95 క్రొత్తభాగములను తనంతట తాను గుర్తించుటకు యత్నించెను. ఇట్లు సుమారు ముప్పది యేండ్లపాటు విద్వాంసుల శ్రమ యంతయు ప్రోగ్రామును యంత్రపు బంధమునుండి విడిపించుటకే సాగెను.

విడిపోయిన ముడి 2001లో మరల పడెను. ఈసారి దానిని వేసినది శాస్త్రము గాదు, వ్యాపారము. ఒక్క ప్రతిని కొని పదియంత్రములపై ఎక్కించుకొనువారు పెక్కురైరి. దాని నరికట్టుటకు విండోస్ ఎక్స్‌పీలో మైక్రోసాఫ్టువారు యంత్రభాగముల గుర్తులను నమోదుచేసి, అవి చాలవరకు మారినచో మరల అనుమతి కోరునట్లు చేసిరి. వ్రాసినవాని శ్రమకు వెల గలదు, అది న్యాయమే. కాని మదరుబోర్డు మారినచో దానిని క్రొత్త కంప్యూటరుగానే ఎంచుట వాడుకయ్యెను. యంత్రముతో కూడ అమ్మబడిన అనుమతి సామాన్యముగా ఆ పలకతోనే తీరును; లోపమువలన మార్చిన పలకకు మినహాయింపు గలదు. 2016 నుండి విండోస్ 10లో అనుమతిని మన ఖాతాకు జతచేసుకొని, పలక మారినపుడు మరల తెచ్చుకొను వీలు కలిగెను. ఉస్మాన్‌గంజ్ వర్తకుని ప్రశ్నకు ఇదియే సమాధానము: పలక కొన్నది, పద్దులు సొంతము, సిస్టము మాత్రము షరతులమీద వాడుకకు పుచ్చుకొన్నది.

వేరొక మార్గమును గలదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు ఎవరైనను నకలు చేసి వాడుకొనదగినది. పెక్కు పలకలకు వలయు డ్రైవర్లు దానిలోనే యుండుటచేత, పాతడిస్కును క్రొత్తపలకకు తగిలించినను అది తరచుగా లేచి నడచును. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ దాని నాధారము చేసికొని తెలుగున కనబడు సిస్టమును కూర్చినది.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసిన సంగతి యొకటి గలదు. నేటి యంత్రములు కొన్ని డిస్కులోని వ్రాతను గూఢలిపిగా మార్చి, దాని కీలకమును పలకమీది యొక చిప్పులో దాచును. 2021లో వచ్చిన విండోస్ 11 అట్టి చిప్పు ఉండవలెనని విధించినది. ఈ ఏర్పాటు దొంగకు అడ్డు. కాని పలక మాడినచో నలుబది యెనిమిది అంకెల యొక సంఖ్య లేనిదే యజమానునకు సైతము తన దస్తరము తెరచుకొనదు. ఇదివరలో పలక పోయినను పద్దులు నిలిచెడివి. ఇప్పుడు ఆ సంఖ్య పోయినచో పద్దులును పోవును.

కావున పెద్దలైన మీతో నా మనవి యిది. మీ సహకార సంఘమునందో, ధాన్యపుకొట్టునందో కంప్యూటరున్నచో, లెక్కల నకలు వేరొక డిస్కున తీయించి వేరొక యింట ఉంచుడు. అది తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు చూపించుకొనుడు. ఆ రహస్యసంఖ్యను, సిస్టము కొన్న రసీదును కాగితముపై నుంచి, పట్టాలుంచు పెట్టెలోనే భద్రపరచుడు. మరమ్మతుదారుడు వచ్చినప్పుడు, "నాయనా, ముందు నకలు తీయుము, పిమ్మట సిస్టము నెక్కింపుము" అని చెప్పుడు. ఈ వరుస తారుమారైనచో డిస్కు తుడిచిపెట్టబడి, యేండ్ల వ్రాత ఒక్క గడియలో మాయమగును. పలకను బజారున మరల కొనవచ్చును, సిస్టమును మరల ఎక్కించుకొనవచ్చును. నకలు లేని పద్దును మరల వ్రాయువాడు లేడు.