పేట నుంచి కోర్టు దాకా: గోదావరి జిల్లాల్లో న్యాయ విద్యార్థులు చేయగల పని

లా కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్యాంపు అంటే చాలాసార్లు ఒక బ్యానరు, రెండు ఉపన్యాసాలు, ఒక గ్రూపు ఫోటో. ప్రతి లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి కనుక ఆ ఫోటో ఫైల్లోకి పోతుంది. పేటలో కొరత ఉపన్యాసాలకు కాదు. ఫిర్యాదు ఇచ్చాక ఏ కాగితం ఎక్కడ ఆగిపోయిందో వెంటపడి చూసే మనుషులకు.

రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో 1996 డిసెంబర్ 29న ఐదుగురు దళితులను హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేశారు. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. అప్పటి ఎమ్మెల్యేతో సహా దోషులకు 18 నెలల జైలు శిక్ష. అంటే ఇరవై ఏడేళ్లు. అన్నేళ్లలో సాక్షులు ముసలివాళ్లవుతారు, కొందరు పోతారు, రాజీకి రమ్మనే పెద్దమనుషులు మాత్రం వస్తూనే ఉంటారు. విద్యార్థుల అవసరం ఇక్కడే ఉంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015 సవరణతో చేరిన సెక్షన్ 15ఎ అందరికంటే ముందు విద్యార్థులు చదవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. బెయిలు విచారణతో సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందుగా తెలియజేయాలి, వారి మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సహాయం తీసుకునే హక్కు కూడా బాధితులకు అదే సెక్షన్ ఇచ్చింది. కనుక స్టేషన్‌లో "మీరెవరు?" అని ఎవరైనా అడిగితే జవాబు చట్టంలోనే ఉంది.

ఒక జట్టు ఒక కేసుకు నోటుబుక్కు పెట్టుకుంటే చాలు. డీఎస్పీ దర్యాప్తు మొదలైందా, అరవై రోజుల్లో చార్జిషీటు పడిందా, పరిహారం మొదటి విడత ఏడు రోజుల్లో అందిందా అన్నవి తేదీలతో రాయాలి. ఎఫ్ఐఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్‌లో వాయిదా తేదీ వెతికి, ముందు రోజు సాయంత్రం ఆ కుటుంబానికి ఫోన్ చేయాలి. కూలి పోగొట్టుకుని కోర్టుకు వెళ్తే వాయిదా పడి తిరిగి రావడమే మామూలైన చోట ఈ ఫోన్ విలువ చిన్నది కాదు. ఎస్సీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని (1987 చట్టం, సెక్షన్ 12) చెప్పి, 15100కి ఫోన్ చేయించడం కూడా ఈ పనిలో భాగమే. న్యాయవాదిగా నమోదయ్యే వరకు విద్యార్థులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీర్లుగా చేరవచ్చు.

డెల్టాలో అణచివేత కొట్టడంతోనే రాదు, పని ఆపేయడంతోనూ వస్తుంది. పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం వివాదం తర్వాత దళితులను సాంఘికంగా బహిష్కరించారు. కౌళ్లు పోయాయి, కూలికి పిలవడం మానేశారు. బహిష్కరణ కూడా ఇప్పుడు అదే చట్టం కింద నేరం. దాన్ని నిరూపించాలంటే ఏ కౌలు ఎప్పుడు పోయింది, ఏ పని ఎవరు ఆపారు, ఏ కొట్టువాడు సరుకు ఇవ్వనన్నాడు అన్న వివరాలు వారం లోపే రాయించాలి. ఆర్నెల్ల తర్వాత అడిగితే తేదీలు గుర్తుండవు. కౌలుదారు కార్డుకు 2019 చట్టం భూ యజమాని ఒప్పుకోలు అడుగుతుంది. నోటి మాట మీద సాగు చేసే దళిత రైతుకు ఆ సంతకం దొరకడం కష్టం. అందుకే ఎరువుల రసీదులు, ధాన్యం అమ్మిన చీటీలు దాచుకోమని ముందే చెప్పాలి.

గుడికెళ్లినా చర్చికెళ్లినా ఊళ్లో పేట పేటే. చట్టం మాత్రం అలా చూడటం లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే. ఒక పాస్టర్ ఇచ్చిన ఫిర్యాదును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ కారణంతోనే కొట్టేసింది. ఇది అన్యాయమని మేం అనుకుంటాం. కానీ అది తెలియకుండా ఫిర్యాదు రాస్తే నష్టపోయేది బాధితులే. కుల ధ్రువపత్రాలు ముందే చూడాలి. దాడికి, బెదిరింపులకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు కూడా పెట్టమని అడగాలి. ఈ విషయంలో సీనియర్ న్యాయవాదిని సంప్రదించకుండా విద్యార్థులు సొంతంగా సలహా ఇవ్వకూడదు.

కోనసీమ నుంచి గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లే మహిళల కోసం మరో చిన్న పని ఉంది. ప్రయాణానికి ముందే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు నమోదై ఉందో లేదో చూసి చెప్పడం, పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు ఇంట్లో ఉంచేలా చూడటం.

కాట్రేనికోన మండలం కండికుప్పలో పుట్టిన బొజ్జా తారకం, కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకాన్ని ఆయన రాసింది లాయర్ల కోసం కాదు, మామూలు జనం కోసం. ఫిర్యాదు ఎలా రాయాలి, ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి ఎలా పంపాలి అన్నది ఒక్క కాగితంలో గోదావరి యాసలో రాసి పంచితే అది ఆ దారిలో పనే.

బాధితుల ఫోటోలు పోస్టు చేయవద్దు. గెలుపు మీద మాట ఇవ్వవద్దు. చివరి సంవత్సరం వాళ్లు వెళ్లిపోయేటప్పుడు నోటుబుక్కును జూనియర్లకు అప్పగించాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని నిబంధన. మీ జిల్లాలో గత రెండేళ్లలో ఎన్నిసార్లు కూర్చుందో, ఏ కేసులు చూసిందో మినిట్స్ ఇవ్వమని సమాచార హక్కు కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు.