త్రిభుజాల మీద నిలిచిన తరంగ గణితం

మాచారెడ్డిలాంటి మండలకేంద్రంలో సెల్ టవర్‌కు బిగించే యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత బలంగా తరంగాలు పంపుతుందో, దాన్ని తయారు చేయకముందే కంప్యూటర్ లెక్కగట్టి చెబుతుంది. ఈ లెక్కల శాస్త్రమే కంప్యూటేషనల్ ఎలక్ట్రోమాగ్నెటిక్స్. దాన్ని మలుపు తిప్పిన వారిలో ఉస్మానియాలో చదువుకున్న ఇంజనీరు ఒకరున్నారు.

మాక్స్‌వెల్ 1865లో విద్యుదయస్కాంత క్షేత్ర సిద్ధాంతాన్ని ప్రకటించాడు. కానీ ఆ సమీకరణాలకు కచ్చితమైన జవాబులు గోళం, స్తూపం వంటి సరళమైన ఆకారాలకే దొరికేవి. విమానమూ ఓడా ఆ లెక్కకు లొంగలేదు. కంప్యూటర్లు వచ్చాక రెండు దారులు తెరుచుకున్నాయి. 1966లో కేన్ యీ, స్థలమంతటినీ చిన్న గళ్లుగా విడగొట్టి క్షేత్రాల మార్పును క్షణక్షణం గణించే పద్ధతి చూపాడు. 1968లో రోజర్ హారింగ్టన్ తన పుస్తకంలో మొమెంట్ పద్ధతిని క్రమబద్ధం చేశాడు. లోహం మీద పారే విద్యుత్తు తెలిస్తే, అది వెదజల్లే క్షేత్రమంతా తెలుస్తుందన్నది దాని మూలసూత్రం.

మరి వంపులు తిరిగిన లోహం మీద ఆ విద్యుత్తును ఎలా రాయాలి? మొదట్లో రేకును తీగల వలగా ఊహించారు. దూరాన క్షేత్రం పర్వాలేదనిపించినా, రేకు మీది ప్రవాహం సరిగా వచ్చేది కాదు. రేకును ముక్కలు చేసి చూస్తే, ప్రవాహం అంచు దగ్గర తెగి, నిజంగా లేని ఆవేశం లెక్కలో పోగుపడేది.

1982లో సదాశివ ఎం. రావు, డొనాల్డ్ విల్టన్, అలెన్ గ్లిసన్ ఈ చిక్కు విప్పారు. ఉపరితలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, ఉమ్మడి అంచున్న ప్రతి జంటకూ ఒక ప్రమేయాన్ని కట్టారు. ఒక మడి గట్టు దాటిన నీరంతా పక్క మడిలోకి చేరినట్టు, అంచు దాటిన విద్యుత్తంతా పక్క త్రిభుజంలోకి చేరుతుంది. ముగ్గురి పేర్ల మీదుగా ఇవి ఆర్‌డబ్ల్యూజీ ప్రమేయాలయ్యాయి. రావు 1974లో ఉస్మానియాలో పట్టా పొంది, బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి, 1980లో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ అందుకున్నారు.

తర్వాతి అడ్డంకి లెక్క పరిమాణం. పౌనఃపున్యం రెట్టింపైతే త్రిభుజాలు నాలుగు రెట్లు, మెమరీ పదహారు రెట్లు, నేరుగా సాధించే కాలం అరవై నాలుగు రెట్లు అవుతాయి. 1987లో గ్రీన్‌గార్డ్, రోఖ్లిన్ ప్రతిపాదించిన ఫాస్ట్ మల్టీపోల్ ఆలోచన, దూరపు ముక్కల ప్రభావాన్ని గుంపులుగా లెక్కించి ఈ భారం దించింది. 1990లలో వెంగ్ చో చ్యూ బృందం దాన్ని బహుళ అంచెల పద్ధతిగా పెంచింది. విమానం మొత్తం రాడార్‌కు ఎంత కనబడుతుందో గణించడం అలా సాధ్యమైంది.

వరంగల్ ఆర్‌ఈసీలో 1983లో పట్టా పొందిన సి.జె. రెడ్డి, అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రంలో ఫైనైట్ ఎలిమెంట్, మొమెంట్ పద్ధతులను జతపరిచే పరిశోధన చేశారు. తర్వాత యాంటెన్నా ఇంజనీర్లు విస్తృతంగా వాడే ఫెకో సాఫ్ట్‌వేర్‌తో కలిసి నడిచారు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనూ లోహపు ఉపరితలాలకు త్రిభుజాలే ఆధారం.

ఇప్పుడు గ్రాఫిక్స్ ప్రాసెసర్లు వేగం పెంచుతున్నాయి. కొత్త డిజైన్ ఫలితాన్ని న్యూరల్ నెట్‌వర్కులు క్షణాల్లో అంచనా వేస్తున్నాయి. అయితే వాటికి పాఠం చెప్పేదీ, వాటి తప్పు పట్టేదీ చాలావరకు ఈ పాత సమీకరణాల గణనే. అందుకే మన కాలేజీల్లో సాఫ్ట్‌వేర్ మెనూలు నేర్పి ఊరుకుంటే చాలదు. ప్రతి విద్యార్థీ ఒక చిన్న లోహపు పలకను త్రిభుజాలుగా కోసి, దాని మీది విద్యుత్తును సొంత ప్రోగ్రాముతో కనుక్కోవాలి. తెర మీద వచ్చిన జవాబును నమ్మాలో వద్దో తేల్చుకునే సత్తా ఆ అభ్యాసంతోనే వస్తుంది.