పౌరుషగ్రంథి వ్యాధులు: మాతృవంశపు పాలు

2025 జూన్ 30వ తేదీన పాశమైలారము పారిశ్రామికవాడలోని సిగాచీ కర్మాగారమున సంభవించిన విస్ఫోటములో గుర్తింపరానంతగా దగ్ధమైన దేహములు ఎవ్వరివో తేల్చుటకు, బంధువుల నమూనాలను గైకొని డి.ఎన్.ఎ. పరీక్షలు జరుపవలసివచ్చెను. ఇట్టి పరీక్షలలో సాధారణముగా లెక్కించునవి, జన్యుపదార్థమున వెంటవెంటనే పునరావృత్తములగు చిన్న అక్షరక్రమములు. వాని సంఖ్య మనుష్యునకు మనుష్యునకు భేదించును. వానిలో పెక్కింటికి దేహధర్మముతో ప్రసక్తి లేదు. కాని అట్టి ఆవృత్తి యొకటి, ప్రోస్టేటు అని వైద్యులు వ్యవహరించు పౌరుషగ్రంథి వృద్ధిని శాసించు జన్యువులోనే యిమిడియున్నది.

పురుషహార్మోనును గ్రహించు ఆండ్రోజన్ గ్రాహకమునకు మూలమైన ఆ జన్యువునందు సి.ఎ.జి. అను త్ర్యక్షరము సుమారు 20 పర్యాయములు వచ్చును. ఆవృత్తులు తగ్గినకొలది గ్రాహకము చురుకగును. ఆవృత్తులు తక్కువగానున్న దక్షిణభారత పురుషులకు ఈ గ్రంథి కాన్సరు ముప్పు హెచ్చని 2006లో మదరాసు పరిశోధకులు ప్రకటించిరి. విదేశములందలి బృహత్పరిశీలనములలో ఈ సంబంధమంత బలముగా నిలువలేదు గనుక, దీనిని పెక్కు సూక్ష్మభేదములలో నొకదానినిగా నెంచుటయే యుక్తము. 2021 నాటి అంతర్జాతీయ విశ్లేషణము అట్టి భేదములను 269గా లెక్కించినది; అయితే యూరపు, ఆఫ్రికా, తూర్పు ఆసియా, హిస్పానిక్ వంశీయులనుండి కూర్చిన ఆ పట్టికతో పాశమైలారపు కార్మికుని భవిష్యత్తును గణించుట సాహసమే.

వారసత్వభేదము ముప్పునే కాక మందును సైతము చూపగలదు. డొమినికన్ రిపబ్లిక్కులోని సాలినాస్ గ్రామమున, 5-ఆల్ఫా-రిడక్టేజు అను ఎంజైము పుట్టుకతోనే కొఱవడిన పురుషులను గూర్చి 1974లో ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందము ప్రకటించెను. వారికి ఈ గ్రంథి జీవితాంతము చిన్నదిగనే యుండును. ఆ లోపమునే అనుకరించు ఫినాస్టెరైడు 1992లో అమెరికాయందు వార్ధక్యపు ప్రోస్టేటు వాపునకు మందుగా అనుమతి పొందెను. 

"మా నాయనకు వచ్చినది నాకును వచ్చునా?" యని రోగి యడుగుట సహజము, సమంజసము కూడ, తండ్రికో సోదరునకో ఈ కాన్సరున్నచో ముప్పు రెట్టింపగునని చిరకాలముగా తెలిసినదే. అంతమాత్రమున తల్లిపక్షమును విస్మరింపరాదు. బి.ఆర్.సి.ఎ.2 జన్యుదోషము తల్లియందు స్తనపు కాన్సరుగనో అండాశయపు కాన్సరుగనో కనబడి, కుమారునియందు చిన్నవయసుననే తీవ్రమైన పౌరుషగ్రంథి కాన్సరుగ పరిణమింపవచ్చును. ఇక పైని గ్రాహకజన్యువో, ఎక్స్ క్రోమోజోముపై నున్నందున, కుమారునకు తల్లినుండియే లభించును. తండ్రి దాని నీయజాలడు.

మన మేనరికములు ఈ లెక్కను మఱింత చిక్కుపఱచును. అక్క కూతును పెండ్లాడిన వాని కుమారునకు, అమ్మమ్మయే మేనత్త. అట్టి యింట, తండ్రికి సంక్రమింపజాలని తాతగారి గ్రాహకజన్యువు, తాతనుండి మేనత్తకును, ఆమెనుండి ఆమె కూతురైన తల్లికిని దిగివచ్చి, మనుమనిని చేరవచ్చును.